గార వదిలించే చెయ్యి

సరూర్‌నగర్‌లో అద్దె ఇల్లు చూడబోయేవాళ్లు గదుల లెక్క అయ్యాక తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "నీళ్ల సంగతేంది?" కృష్ణా నీళ్లు వంతుల ప్రకారం వస్తాయని, మిగతా వాడకానికి బోరు ఉందని ఇంటివాళ్లు చెబుతారు. ఆ బోరు నీళ్లు ఎలాంటివో తెలియాలంటే మేడెక్కి ట్యాంకు మూత ఎత్తనక్కర్లేదు. బాత్‌రూమ్ తలుపు తీసి కమోడ్‌లోకి తొంగి చూస్తే చాలు. నీళ్లు నిలిచే మట్టం దగ్గర గోధుమరంగు వలయం, వెనక గోడ మీద పైనుంచి కిందికి జారిన తెల్లటి చార, అంచు కింద వేలు పెడితే గరగరలాడే పొర. ఎంత శుభ్రంగా ఉంచుకునే ఇంట్లోనైనా ఇవి వస్తాయి. ఎందుకంటే ఇది మురికి కాదు, రాయి. నీళ్లలో కరిగి వచ్చి, పింగాణీని పట్టుకుని మళ్లీ గట్టిపడిన రాయి, మన మాటలో గార.

ఆ రాయిని పింగాణీ మీద గీత పడకుండా విడదీసే ఒకామె పనితనాన్ని పరిచయం చేద్దామని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆమె నల్గొండ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. సరూర్‌నగర్ చెరువు కట్టకూ కొత్తపేటకూ మధ్య అపార్ట్‌మెంట్లలో మొదట ఇంటిపని చేసేవారు. ఇప్పుడు బాత్‌రూముల పని ఒక్కటే పెట్టుకున్నారు. ఇల్లు ఖాళీ అయినప్పుడు, కొత్తవాళ్లు దిగబోతున్నప్పుడు, పండగల ముందు ఆమెకు ఫోన్లు వస్తాయి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. పని మాత్రం పక్కనే కూర్చుని చూడనిచ్చారు, అడిగిన ప్రతిదానికీ విసుగు లేకుండా జవాబు చెప్పారు. ఎక్కడ బలం వాడాలో చాలామందికి తెలుసు. ఎక్కడ బలం వాడకూడదో ఆమెకు తెలుసు. ఆమె నేర్పంతా అక్కడే ఉందని నాకు అనిపించింది.

ముందు నీళ్ల విషయం చూద్దాం. నాగార్జునసాగర్ వైపు నుంచి హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తెచ్చే పథకం మొదటి దశ 2004లో, రెండో దశ 2008లో, మూడో దశ 2015లో అందుబాటులోకి వచ్చాయి. కోదండాపూర్‌లో శుద్ధి అయి, ఎన్నో కిలోమీటర్లు పైపుల్లో నడిచి ఆ నీళ్లు సాహెబ్‌నగర్ చేరతాయి. నగరానికి తూర్పున ఉన్న మనకు అవే మంచినీళ్లు. చాలా అపార్ట్‌మెంట్లలో వాటిని వంటింటి కుళాయికే కేటాయిస్తారు. బాత్‌రూములకూ ఫ్లష్ ట్యాంకులకూ వేరే పైపు, వేరే ట్యాంకు. అందులో ఉండేవి బోరు నీళ్లు, మన భాషలో ఉప్పు నీళ్లు. ఎండాకాలంలో బోరు అడుగంటితే ట్యాంకర్ వస్తుంది. అందులో ఉండేదీ చాలాసార్లు ఇంకెక్కడిదో బోరు నీరే.

ఈ నగరం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. గ్రానైట్‌లో సున్నపురాయి ఉండదు కదా, నీళ్లలోకి సున్నం ఎక్కడి నుంచి వస్తుందన్న సందేహం న్యాయమైనదే. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ ఖనిజంలో కాల్షియం ఉంటుంది. వాననీరు మట్టిలోకి ఇంకేటప్పుడు చెట్ల వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ పుల్లని నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ తనలోకి లాక్కుంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న మన దక్కనులో నేలలోని తేమ ఆవిరై పోతూ ఉంటుంది, లవణాలు మిగిలి చిక్కబడతాయి. చేలల్లో, పునాది గోతుల్లో కనిపించే తెల్లటి సున్నపు గడ్డలు అలా పుట్టినవే. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం, 2012 నాటి ఐఎస్ 10500, నీటి కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది. వేరే దిక్కు లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చంటుంది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల కఠినత ఉన్న బోరు నీళ్లు అనుకుందాం. ఆరు లీటర్ల ఒక్క ఫ్లష్‌లో మూడు గ్రాముల రాయి కరిగి ఉంటుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 సార్లు ఫ్లష్ నొక్కితే 60 గ్రాములు. ఏడాదికి దాదాపు 22 కిలోల రాయి కంటికి కనబడకుండా ఆ కమోడ్ గుండా పోతుంది. అందులో వెయ్యో వంతు అతుక్కున్నా ఏడాదికి 22 గ్రాముల పెచ్చు తయారవుతుంది. అది అతుక్కునే పద్ధతి బొర్రా గుహల్లో, బేలం గుహల్లో పైకప్పు నుంచి రాతి ఊడలు దిగే పద్ధతే. నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి తప్పించుకోగానే అంతవరకు కరిగి ఉన్న కాల్షియం ఇక కరిగి ఉండలేక కార్బొనేట్‌గా బయటపడుతుంది. ఫ్లష్ అయ్యాక గోడల మీద మిగిలిన పలచని తడి ఆరిన ప్రతిసారీ ఒక పొర చేరుతుంది.

కమోడ్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమోనియాగా మార్చేస్తాయి. దాంతో అక్కడి నీరు క్షారగుణం పుంజుకుంటుంది. అప్పుడు కార్బొనేట్‌తో పాటు ఫాస్ఫేట్లు కూడా దిగుతాయి. వాటిలో స్ట్రువైట్ అనే ఖనిజం ఒకటి. ఇన్ఫెక్షన్ వల్ల మూత్రపిండాల్లో ఏర్పడే ఒక రకం రాళ్లు దానితోనే తయారవుతాయి. బోరు నీళ్లలో ఇనుము ఉంటే ఈ మొత్తానికీ తుప్పు రంగు ఎక్కుతుంది. అందుకే కమోడ్‌లోని గారంతా ఒకే రకం అనుకుని ఒకే మందు పోసేవాళ్లు సగం పని చేసి ఆగిపోతారు.

ఆమె ఈ పేర్లేవీ వాడరు. కానీ వీటన్నిటినీ విడివిడిగా గుర్తుపడతారు. ముందు ఫోన్ టార్చ్ వెలిగించి పింగాణీ మీద పక్కవాటుగా వెలుతురు పడేలా పట్టుకుంటారు. నేరుగా వేస్తే అంతా తెల్లగానే కనిపిస్తుంది. పక్కనుంచి వేస్తే పెచ్చు నీడ పడుతుంది, దాని మందం తెలుస్తుంది. తర్వాత గ్లోవ్ తొడుక్కున్న వేలితో తడుముతారు. ఆ తర్వాత ఒక ఐస్‌క్రీమ్ పుల్లతో మెల్లగా గీకి వింటారు. నున్నటి పూత మీద పుల్ల చప్పుడు లేకుండా జారుతుంది. గార మీద గీరుకుపోతుంది.

"గిది తెల్ల గార. జల్ది ఇడుస్తది. గీ పసుపుది మొండిది, జర టైం తీస్కుంటది. గీ ఎర్రగున్నది ఇనుము సార్, దీనికి నిమ్మ ఉప్పే కరెక్టు."

ఆ చివరి మాట అక్షరాలా నిజం. నిమ్మ ఉప్పు, అంటే కిరాణా కొట్లో పొట్లాల్లో దొరికే సిట్రిక్ ఆమ్లం, పులుపుతో రాయిని కరిగించడమే కాకుండా ఇనుము అణువులను చుట్టేసి నీటిలోకి లాగుతుంది. ఇత్తడి బిందెలను చింతపండుతో తోమిన పెద్దవాళ్లకు ఈ గుణం ఎరుకే.

ఇంత చూశాకే ఆమె డబ్బు మాట చెబుతారు. బాత్‌రూముకు ఇంత అని ఒకే రేటు ఉండదు. గార మందాన్ని బట్టి, పట్టే సమయాన్ని బట్టి చెబుతారు. చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది తలుపు దగ్గర నిలబడే ధర చెప్పేస్తారు. చూడకుండా ధర చెప్పేవాళ్లు చూడకుండానే పని చేస్తారన్నది నా అభిప్రాయం.

పని మొదలయ్యేది నీళ్లు తీసేయడంతో. ఇది వినడానికి చాలా చిన్న విషయం, కానీ మొత్తం పనికి పునాది ఇదే. ట్యాంకు కింద ఉన్న యాంగిల్ కాక్ తిప్పి నీళ్లు కట్టేస్తారు. ఒకసారి ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేస్తారు. అప్పటికీ కమోడ్ అడుగున, వంపు తిరిగిన గొట్టంలో రెండు లీటర్ల దాకా నీళ్లు నిలిచే ఉంటాయి. డ్రైనేజీ వాసన ఇంట్లోకి రాకుండా అడ్డుకునేవి ఆ నీళ్లే. ఆమె బకెట్‌ను నడుమెత్తు లేపి ఒక్క ఊపున కుమ్మరిస్తారు. ఆ వేగానికి గొట్టంలో పీల్పు పుట్టి నిలవ నీళ్లను కూడా వెంటబెట్టుకుపోతుంది. అడుగున మిగిలిన కాసిన్ని నీళ్లను మగ్గుతో తోడి, పాత బనీను గుడ్డతో అద్ది, లోపలి గోడలను పొడిగా తుడుస్తారు.

"జర ఆగుండ్రి సార్. నీళ్లుంటే మందు నీళ్లనే కడుగుతది, గారను కడగది."

బజార్లో దొరికే టాయిలెట్ క్లీనర్లలో సుమారు పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. రెండు లీటర్ల నిలవ నీళ్లలో 200 మిల్లీలీటర్లు పోస్తే ఆ పది శాతం ఒక్క శాతానికి పడిపోతుంది. పైగా ముదురు గార ఉండేది సరిగ్గా ఆ నీటిమట్టం దగ్గరా, దాని కిందా. అంటే మందు అవసరమున్న చోటికే పలచబడి చేరుతుందన్నమాట. ఇంటింటా జరిగే పొరపాటు ఇదే. మందు పోస్తాం, పది నిమిషాలాగి బ్రష్ కొడతాం, గార కదలదు. మందు మంచిది కాదని బ్రాండు మారుస్తాం. ఆమె మార్చింది బ్రాండును కాదు, నీళ్లను.

తర్వాతి మెట్టు పట్టీలు వేయడం. పాత నూలు చీరను నాలుగు వేళ్ల వెడల్పు పీలికలుగా చింపి తెచ్చుకుంటారు. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పును చిక్కగా కలుపుతారు. మరిగే నీళ్లు ఎప్పుడూ వాడరు. ఉన్నట్టుండి వేడి తగిలితే పింగాణీ పగలవచ్చు. పైగా మరీ చిక్కటి ద్రావణాన్ని మరీ వేడిగా వాడితే కరిగిన కాల్షియం సిట్రేట్‌గా మారి తెల్లటి పిండిలా మళ్లీ అక్కడే పేరుతుంది. పీలికలను ఆ ద్రావణంలో ముంచి, జ్వరం వచ్చినవాళ్ల నుదుటి మీద తడిగుడ్డ వేసినంత నెమ్మదిగా, నీటిమట్టం వెంబడి, వెనక గోడ చార వెంబడి, అంచు కింద దూరుస్తూ అతికిస్తారు. గోడ నిలువుగా ఉంటుంది, మందు జారిపోతుంది. గుడ్డ దాన్ని పట్టి ఉంచుతుంది, ఆరనివ్వదు. మొండి పసుపు గార ఉన్న అడుగుభాగానికి మాత్రం సీసా మందును చిక్కగా పోసి బ్రష్‌తో పూస్తారు.

అప్పుడు నురుగు మొదలవుతుంది. గుడ్డ అంచుల వెంట సన్నటి బుడగలు చిటచిటలాడతాయి. కొన్నేళ్లుగా రాతిలో బంధించి ఉన్న కార్బన్ డయాక్సైడ్ మళ్లీ గాలిలో కలుస్తోంది. ఈ దశలో ఆమె చేసేది ఏమీ లేదు, కూర్చోవడం తప్ప. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, బయటికొచ్చి తలుపు దగ్గర పీట మీద కూర్చుంటారు. అరగంట, ఒక్కోసారి గంటకు పైన. ఇంటివాళ్లకు ఇది నచ్చదు. కూలి తీసుకుని కూర్చున్నారని కొందరు మొహం మీదే అంటారు. కానీ ఆ సమయంలో పని జరుగుతూనే ఉంటుంది, ఆమె చేత్తో చేయగలిగిన దానికంటే చక్కగా జరుగుతుంది.

నురుగు ఆగినప్పుడు అసలు పరీక్ష వస్తుంది. నురుగు ఆగిందంటే రాయి అయిపోయి ఉండాలి, లేకపోతే ఆమ్లం అయిపోయి ఉండాలి. ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఆమ్లానికీ ఓపిక ఇంతే అని ఉంటుంది. పది శాతం మందు అర లీటరు సీసాలో 50 గ్రాముల ఆమ్లం ఉంటే, లెక్క ప్రకారం అది 70 గ్రాముల సున్నపురాయిని కరిగించి చచ్చుబడిపోతుంది. పాతికేళ్ల ఇంట్లో గార అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. అందుకని ఆమె పాత టూత్‌బ్రష్‌ను తాజా మందులో ముంచి ఒక్క చుక్క అదే చోట వేస్తారు. మళ్లీ బుస్సుమంటే రాయి ఇంకా ఉంది, పట్టీ మార్చాలి. బుస్సుమనకపోతే? ఇక్కడే ఆమె నన్ను ఆశ్చర్యపరిచారు.

"తెల్ల గార అయితే నురుగు చెప్తది. పసుపుది చెప్పదు సార్. నురుగు రాకుంటనే కరుగుతది. దానికి చెవి పెట్టాలె."

ఫాస్ఫేట్లు ఆమ్లంలో కరుగుతాయి కానీ వాయువు పుట్టదు, నురుగు రాదు. నురుగునే నమ్ముకున్నవాళ్లు పసుపు గార ఉండగానే పని అయిపోయిందనుకుంటారు. ఆమె మళ్లీ ఐస్‌క్రీమ్ పుల్ల తీసి గీకి వింటారు. ఈ తేడాను పుస్తకంలో చదవనవసరం లేకుండా చెవితో పట్టుకున్న మనిషిని చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది.

మెత్తబడిన గారను ఎత్తడానికి ఆమె దగ్గర గడువు తీరిన ఏటీఎం కార్డు ఉంటుంది. ప్లాస్టిక్ గనక కమోడ్ వంపుకు తగ్గట్టు వంగుతుంది, గీత పెట్టదు. దాన్ని వాలుగా పెట్టి తోస్తే పెచ్చు పొరలు పొరలుగా లేస్తుంది. లేవని చోట బలవంతం చేయరు, మళ్లీ పట్టీ వేస్తారు. ఎందుకో అర్థం కావాలంటే కాఠిన్యం లెక్క చూడాలి. జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో ఇచ్చిన కొలమానంలో గారలోని కాల్సైట్ విలువ 3. పింగాణీ మీది గాజు పూత 6 దరిదాపుల్లో ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ 7. అంటే ఇసుక, ఇటుక పొడి, గరుకు పౌడర్లు గారతో పాటు పూతను కూడా గీస్తాయి. స్టీలు పీచు పూతను పెద్దగా కోయలేకపోయినా తన లోహాన్నే దాని మీద నల్ల గీతలుగా వదిలిపోతుంది, తర్వాత అవి తుప్పుపడతాయి. పూత ఒకసారి గరుకైతే తర్వాతి గారకు పట్టు దొరుకుతుంది, అది మునుపటికంటే త్వరగా ఎక్కుతుంది.

ఆ పూత సామాన్యమైనది కాదు. 1200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాల్చితే కరిగి గాజులా పరుచుకున్న పొర అది, అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు మందాన ఉంటుంది. మన గ్రానైట్‌లో ఉన్న ఫెల్డ్‌స్పార్ జాతి ఖనిజాన్నే దాని తయారీలోనూ వాడతారు. ఇంట్లో దానికి మళ్లీ పూత వేయలేం. "గట్టిగ రుద్దితే గార పోదు సార్, మెరుపు పోతది" అని ఆమె అన్నారు. అందుకే కాలిమడమలు రుద్దుకునే నురుగురాయిని కూడా ఆమె చివరి అస్త్రంగానే తీస్తారు. రాయినీ పింగాణీనీ బాగా తడిపి, చేతి బరువు ఆనించకుండా, మొండి చుక్కల మీద మాత్రమే ఆడిస్తారు. బజార్లో ఆ పేరుతో అమ్మేవాటిలో సిమెంటు, ఇసుక కలిపి పోసినవి కూడా ఉంటాయి. కొత్త రాయి ఏది కొన్నా ముందు పగిలిన పాత టైలు ముక్క మీద రుద్ది చూసుకుంటారు.

అంచు కింది పనిని ఎవరూ చూడరు, అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. కమోడ్ అంచు లోపల చుట్టూ చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఫ్లష్ నీళ్లు వాటిలోంచి సుడి తిరుగుతూ దిగుతాయి. గార ముందుగా మూసేది వీటినే. సగం మూసుకుపోతే నీళ్లు ఒకవైపే దిగుతాయి, రెండోవైపు కడగబడదు, అక్కడ ఇంకా గార పేరుతుంది. ఇంటివాళ్లు ఫ్లష్ ట్యాంకు పాడైందని మెకానిక్‌ను పిలుస్తారు. ఆమె పౌడర్ డబ్బా లోపలి చిన్న అద్దాన్ని అంచు కింద పెట్టి, టార్చ్ వెలుతురులో ఒక్కో రంధ్రాన్నీ చూస్తారు. పట్టీలు నానబెట్టిన తర్వాత కొబ్బరి చీపురు పుల్లను ఒక్కో రంధ్రంలో దూర్చి తిప్పుతారు. ఇనుప తీగ వాడకూడదా అని అడిగాను. తీగ రంధ్రం అంచున పూతను చిట్లగొడుతుందట. చీపురు పుల్ల గారకంటే మొండిది కాకపోయినా నానిన గారకు చాలు, విరిగినా లోపల నాని మెత్తబడి కొట్టుకుపోతుంది. ఒక్కో పుల్ల రెండు మూడు రంధ్రాలకే పనికొస్తుంది. చిన్న కట్ట తెచ్చుకుంటారు.

మన వాడల్లో ఈ పనికి ఎక్కువగా కనిపించే పద్ధతి వేరు. బండి మీద క్యాన్లు కట్టుకుని యాసిడ్, ఫినాయిల్ అని అరుస్తూ తిరిగేవాళ్ల దగ్గర ఘాటు యాసిడ్ కొని, సీసాలు సీసాలు కుమ్మరించి, పొగలు లేస్తుండగా స్టీలు పీచుతో రుద్దడం. పది నిమిషాల్లో తెల్లబడుతుంది, నిజమే. కానీ ఆ యాసిడ్ ఆవిరి ఊపిరితిత్తులను కాలుస్తుంది, కుళాయిల మీది క్రోమ్ పూతను పొక్కేలా చేస్తుంది. నేల మీద చిందితే టైళ్ల మధ్య సిమెంటును తినేస్తుంది, సిమెంటు కూడా సున్నం బిడ్డే కాబట్టి. కీళ్లు గుల్లబారాక నీళ్లు కిందికి దిగి కింది ఫ్లాటు సీలింగ్‌లో చెమ్మగా కనిపిస్తాయి. యాసిడ్ అమ్మకం మీద సుప్రీంకోర్టు 2013 జూలైలో ఆంక్షలు పెట్టింది. అమ్మేవాడు కొన్నవాళ్ల వివరాలు రిజిస్టరులో రాయాలి, గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. ఆడపిల్లల ముఖాలు కాల్చిన సీసాలవి. మరుగుదొడ్డి కోసం అంత ఘాటు సరుకు ఇంట్లో ఉంచుకోవలసిన పని లేదని ఆమె పని చూశాక నాకు పూర్తిగా రుజువైంది.

ఇంకొక విషయంలో ఆమె అసలు రాజీపడరు. పనికి ముందే ఇంటివాళ్లను అడుగుతారు: ఈ మధ్య బ్లీచింగ్ వేశారా అని. సంపు కడగడానికి బ్లీచింగ్ పౌడర్ చాలా ఇళ్లలో ఉంటుంది, మరకలు పోతాయని కమోడ్‌లోనూ చల్లుతారు. దాని మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర యుద్ధంలో సైనికులను చంపడానికి వదిలిన వాయువు అదే. తలుపు మూసి ఉన్న నాలుగడుగుల బాత్‌రూమ్‌లో కొంచెమైనా చాలు ప్రాణం మీదికి తేవడానికి. బ్లీచింగ్ వేశామంటే ఆమె ముందు నాలుగైదు బకెట్ల నీళ్లు పోసి, ఫ్లష్ చేసి, పని మరునాటికి పెట్టుకుంటారు. ఎంత తొందర ఉన్నా సరే.

ఇండియన్ బేసిన్‌లకు ఇదే పద్ధతి, చిన్న మార్పులతో. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి చుట్టుపక్కల కోచింగ్ విద్యార్థుల హాస్టళ్లలో అవి ఎక్కువ. అక్కడ నీళ్లు నిలిచే చోటుకంటే ముందువైపు వాలు మీదే గార పేరుతుంది. మగ్గుతో పోసిన నీళ్లు అక్కడ తడిపి, ఆరి, మళ్లీ తడిపి పోతాయి. రోజంతా వాడకంలో ఉండే చోట గంటసేపు తాళం వేయనివ్వరు కాబట్టి, పిల్లలు క్లాసులకు వెళ్లిన మధ్యాహ్నాల్లో చేస్తారు.

ఈ పనిని మెచ్చుకుంటూ రాసేటప్పుడు దాని చుట్టూ ఉన్న అవమానాన్ని దాటేసి పోలేను. చేతులతో మలం ఎత్తించే పనిని ఈ దేశం 1993లో చట్టం చేసి నిషేధించింది, చాలక 2013లో ఇంకో చట్టం చేసింది. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ పనిని అంతం చేయడానికి జీవితమంతా పెట్టారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఈమె చేసేది ఆ పని కాదు. అయినా ఆ పనిలోకి తరతరాలుగా నెట్టబడిన కులాల మీద చూపిన చిన్నచూపే ఈమె మీదా పడుతుంది. కొన్ని ఇళ్లలో లిఫ్ట్ వాడొద్దంటారు. మంచినీళ్లు అడిగితే వేరే గ్లాసు వెతుకుతారు. గ్లోవ్స్, కళ్లద్దాలు, గమ్ బూట్లు ఆమె తన డబ్బుతోనే కొనుక్కున్నారు. ఏ రాయి దేనికి లొంగుతుందో, ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు చేయి తీసేయాలో తెలిసిన మనిషికి ఇచ్చేది పనితనానికి తగ్గ కూలి అయి ఉండాలి. బేరమాడి తగ్గించడానికి ఇది ఒట్టి చాకిరీ కాదు.

పట్టీలన్నీ తీసి, గార లేచిన చోటల్లా మళ్లీ వేలితో తడిమి, సమృద్ధిగా నీళ్లు పోసి కడుగుతారు. నేల మీద చిందిన చుక్కల మీద వంట సోడా చల్లి, అది బుస్సుమనడం ఆగాక తుడుస్తారు. యాంగిల్ కాక్ తిప్పి ట్యాంకు నిండనిస్తారు. ఫ్లష్ నొక్కి, నీళ్లు చుట్టూ అన్ని రంధ్రాల నుంచి సమానంగా దిగుతున్నాయా అని వంగి చూస్తారు.

ఇంతటితో వెళ్లిపోవచ్చు. ఆమె వెళ్లరు. నిండిన ట్యాంకులో బట్టలకు వేసే నీలం రెండు చుక్కలు వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా ఆపుతారు. కమోడ్ వెనక గోడ మీద నీలి చార దిగిందంటే ట్యాంకు అడుగున వాల్వ్ సరిగా కూర్చోవడం లేదన్నమాట. రబ్బరు వాషర్ మీద గార పేరుకోవడమో, వాషర్ అరిగిపోవడమో కారణం. ఆ సందులోంచి పగలూ రాత్రీ కారే సన్నటి ధారే వెనక గోడ మీద తెల్ల చారను కడుతూ వచ్చింది. దాన్ని ఆపకపోతే చేసిన పనంతా కొన్ని వారాల్లో వృథా. వాషర్ మీద గార ఒక్కటే కారణమైతే నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి తానే బాగుచేస్తారు. ట్యాంకులో సీసా మందు మాత్రం పోయరు, అది లోపలి స్క్రూలను తినేస్తుంది. వాషర్ అరిగితే పాతదాన్ని ఊడదీసి ఇంటివాళ్ల చేతిలో పెట్టి, కొత్తపేటలో శానిటరీ షాపుకు ఇదే పట్టుకెళ్లి చూపించమంటారు, సైజు తప్పిపోకుండా.

తర్వాత వాడకం గురించి చెప్పేది కొంచెమే. వారానికొకసారి రాత్రి పడుకునే ముందు రెండు చెంచాల నిమ్మ ఉప్పు కమోడ్‌లో వేసి తెల్లారి బ్రష్ కొట్టాలి. స్టీలు పీచు ముట్టకూడదు. వీలైతే ఫ్లష్ ట్యాంకుకు బోరు లైను తీసేసి కృష్ణా లైను ఇప్పించుకుంటామని అడిగేవాళ్లకు మాత్రం వద్దంటారు. ఆ నీళ్లు తాగడానికే చాలని ఇళ్లు ఈ వాడలోనే ఎన్నో ఉన్నాయని ఆమె జవాబు. నెల తిరిగాక ఆమే ఫోన్ చేస్తారు. వెనక చార మళ్లీ కనబడిందంటే వాషర్ మార్చారా లేదా అన్నది మొదటి ప్రశ్న. మార్చినా వచ్చిందంటే డబ్బు తీసుకోకుండా వచ్చి చూసి వెళ్తారు.